చాంబర్ నట్టు, బోరు చెయ్యి

ప్రేమ్‌సింగ్ బిగించిన పైపును విప్పాలంటే మళ్లీ ప్రేమ్‌సింగే రావాలని దంతాలపల్లి చుట్టుపక్కల రైతులు అనేవారు. కొందరు మెచ్చుకోలుగా అనేవారు. పానాలు విరగ్గొట్టుకున్నవాళ్లు తిట్టుగా అనేవారు. అతను రెండింటినీ ఒకే రకంగా తీసుకున్నాడు. ఇరవై ఆరేళ్లు బోరు మోటార్లు దించి, ఎత్తి బతికిన మనిషికి బిగింపే పరువు. మూడు వందల అడుగుల లోతున మోటారు వేలాడేది ఇనుప పైపుల మీద. ఇరవై అడుగులకొక జాయింటు. ఒక్క జాయింటు వదులైనా పైపులు, కేబులు, మోటారు అన్నీ కలిసి బోరులోకి జారిపోతాయి, రైతుకు ఆ ఏటి పంట కూడా వాటి వెంటే పోతుంది. అందుకే చైన్ పానా పిడికి నాలుగడుగుల పైపు తొడిగి, ఇద్దరు మనుషులు దానికి వేలాడి, ఇనుము కిర్రుమనే దాకా తిప్పేవాళ్లు. ఆ కిర్రు వినపడకపోతే ప్రేమ్‌సింగ్ లెక్కలో జాయింటు పడనట్టే.

వాళ్ల గుంపుకు ఇంకో పట్టింపు ఉండేది. మోటారు దించి, స్టార్టర్ వేసి, గొట్టంలోంచి నీళ్లు దూకేదాకా ఎవరూ చేతులు కడుక్కునేవారు కాదు. గ్రీజు, తుప్పు, ఎర్రమట్టి ఎంత పట్టినా సరే, ఆ మొదటి నీళ్లతోనే కడుక్కోవాలి. రైతు ముందే చెంబుతో నీళ్లు తెచ్చిస్తే ప్రేమ్‌సింగ్ పక్కన పెట్టేవాడు. "పని ఇంక కాలే" అనేవాడు.

ఆ పనే పోయింది. ఇప్పుడు ఇనుప పైపులు దించేవాళ్లు తక్కువ. నల్లటి ప్లాస్టిక్ పైపు చుట్టలు చుట్టలుగా వస్తుంది, మధ్యలో జాయింటే ఉండదు. మూడు కట్టెలు నిలబెట్టి చైను లాగే చోట లారీకి బిగించిన యంత్రం వచ్చి గంటలో మోటారు పైకి తీసిపోతోంది. దానికి తోడు రెండేళ్ల కిందట ఓ చైను తెగి ప్రేమ్‌సింగ్ కుడి భుజం మీద పడింది. దవాఖానలో కట్టు కట్టారు, ఎముక అతికింది. చేతిలో బలం తగ్గలేదు కానీ చెయ్యి తల పైకి లేవదు. యాభై మూడేళ్లకు అతను ఖాళీ అయ్యాడు.

భార్య తారి మిరప చేన్లలో కూలికి పోతోంది. ఆమె తమ్ముడు చాంద్యా హైదరాబాదులో ఓ అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. పక్క అపార్ట్‌మెంటులో అలాంటి పనే ఒకటి ఖాళీ అవుతోందని, మెట్ల కింద గది కూడా ఇస్తారని, వచ్చేదీ రానిదీ వచ్చే ఒకటో తారీఖుకల్లా చెప్పాలని ఫోన్ చేశాడు. గేటు దగ్గర కుర్చీలో కూర్చునే పని. ప్రేమ్‌సింగ్‌కు ఆ కుర్చీ తలుచుకుంటేనే భుజం నొప్పి గుర్తొచ్చేది.

అప్పుడే దంతాలపల్లిలో కార్ల షెడ్డు నడిపే నగేష్‌కు ఆ సంగతి చెప్పి పని అడిగాడు. నగేష్‌కు ముప్పై నాలుగేళ్లు. వాళ్ల నాయిన రాజయ్య బోరులో మోటారు జారిపడితే రెండు రోజులు కొక్కేలు దించి బయటికి లాగింది ప్రేమ్‌సింగే. ఆ ముచ్చట ఆ ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అయినా నగేష్ పాత సంగతి పట్టుకుని కొత్త మాట ఇచ్చే రకం కాదు.

"నెల రోజులు చూస్త అన్నా," అన్నాడు. "నాకు పని కావాలె, నీకు చెయ్యి కుదరాలె. కుదరకుంటె మనసుల పెట్టుకోవద్దు."

"పెట్టుకోను," అన్నాడు ప్రేమ్‌సింగ్.

నెలలో మూడు వారాలు బాగానే గడిచాయి. బిగుసుకుపోయిన నట్టు విప్పడంలో అతన్ని మించినవాడు ఆ మండలంలో లేడు. తుప్పుపట్టి సుత్తికీ మంటకీ లొంగని చక్రాల నట్లు అతను పానా పెట్టి ఒక్క ఊపు ఊపితే వచ్చేవి. షెడ్డుకు వచ్చిన డ్రైవర్లు నిలబడి చూసేవారు. బిగించడం మాత్రం నగేష్ ఎప్పుడూ తానే చూసుకునేవాడు. ఎందుకో చెప్పలేదు, ప్రేమ్‌సింగ్ అడగలేదు.

ఒకటో తారీఖు ఇంకో నాలుగు రోజులుందనగా, శుక్రవారం పొద్దున, నగేష్ సామాను కోసం మహబూబాబాద్ పోయాడు. పోతూ ఒక పని అప్పజెప్పాడు.

"సరళ టీచర్ బండి వస్తది. ఆయిల్ మార్చుడే. పాత ఆయిల్ దించు, ఫిల్టర్ మార్చు, కొత్తది పొయ్యి. నువ్వు నాలుగుసార్లు చూసినవ్ కదా, చేస్తవా?"

"చేస్త పో. గిదేమన్న బోరా?"

సరళ పెద్దవంగరలో లెక్కల టీచరు. ఆమె కారు పాతికేళ్ల నాటి చిన్న తెల్ల కారు. భర్త రామ్మోహన్ కొత్తది కొందామని అడిగి అడిగి మానేశాడు. ఆమె ఏడింటికి కారు షెడ్డులో వదిలి, ఎనిమిదిన్నరకు వస్తానని చెప్పి పక్క వీధిలోని ఇంటికి నడిచిపోయింది.

ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే రేకు తొట్టిని మెకానిక్కులు చాంబర్ అంటారు. పాత ఆయిల్ దించడానికి దాని అడుగున ఒక నట్టు ఉంటుంది. ప్రేమ్‌సింగ్ దాన్ని విప్పాడు. నల్లటి ఆయిల్ కింద పెట్టిన బేసిన్‌లోకి దిగింది. ఫిల్టర్ మార్చాడు. నట్టు తుడిచి, వాషరు వేసి, వేళ్లతో ఎక్కించి, పానా పెట్టి తిప్పాడు. నట్టు ఆనింది. అక్కడ ఆగాల్సింది. అతని చెయ్యి ఆగలేదు. ఆ చేతికి ఇంకా కిర్రు వినపడలేదు. పక్కనున్న గొట్టం ముక్క పానా పిడికి తొడిగాడు, ఎడమ కాలు గోడకు తన్ని పట్టి లాగాడు.

కిర్రుమనలేదు. పానా మెత్తగా, వెన్నలో దిగినట్టు తిరిగింది. ఇంకోసారి తిప్పాడు. మళ్లీ మెత్తగా తిరిగింది. నట్టు తిరుగుతూనే ఉంది, బిగుసుకోవడం లేదు. పట్టి లాగితే చేతిలోకి ఊడి వచ్చింది. దాని అంచున తీగలాంటి ఇనుప చుట్ట ఒకటి వేలాడుతోంది. అది చాంబర్ బెజ్జం లోపల నట్టును పట్టుకునే మరల (త్రెడ్డు) ముక్క. పాతికేళ్లలో ఎందరు విప్పి బిగించారో, ముందే అరిగిన మరలు. చివరికి వాటిని తెంపింది మాత్రం తానే.

గోడ గడియారం ఎనిమిది దాటింది.

ఆ నిమిషంలో నగేష్‌కు ఫోన్ చేస్తే సగం కథ అక్కడితో అయిపోయేది. ప్రేమ్‌సింగ్ ఫోన్ తీశాడు కూడా. అతనికి ఒకటో తారీఖు కనిపించింది, మెట్ల కింద గది కనిపించింది, గేటు దగ్గర కుర్చీ కనిపించింది. ఫోన్ జేబులో పెట్టి మోపెడ్ డిక్కీ తెరిచాడు. అందులో పాత సంచీ, సంచీలో జనపనార, సఫేదా డబ్బా ఉన్నాయి. సఫేదా అంటే పైపు జాయింట్లకు పూసే తెల్లటి ముద్ద. అరిగిన పైపు మరలకు నార చుట్టి, సఫేదా దట్టించి ఎక్కిస్తే చుక్క కారదు. ఇరవై ఆరేళ్లు చేసిన పనే. నట్టుకు నార చుట్టాడు, ముద్ద పూశాడు, మిగిలిన ఒకటి రెండు మరల మీద మెల్లగా ఎక్కించాడు. పట్టుకుంది. ఆయిల్ పోసి కిందికి వంగి చూశాడు. చుక్క లేదు.

ఎనిమిదిన్నరకు సరళ వచ్చింది.

"అంతా మంచిగుందా ప్రేమ్‌సింగ్?"

"మంచిగుంది టీచర్."

కారు తొర్రూరు రోడ్డెక్కింది. ఆమె ఇండికేటర్ వేసి మరీ మలుపు తిరిగింది. ఆ రోడ్డు మీద అంత పద్ధతిగా ఇండికేటర్ వేసేది ఆమె ఒక్కతే.

టీ తెప్పించుకుని తాగబోతుంటే, కారు నిలబడిన చోట సిమెంటు నేల మీద చుక్క కనిపించింది. రూపాయి బిళ్లంత. తేనె రంగు. కొత్త ఆయిలే.

ప్రేమ్‌సింగ్ గ్లాసు కింద పెట్టాడు. బోరులో జాయింటు కారితే కారిన నీళ్లు బోరులోనే పడతాయి, మళ్లీ మోటారే తోడుతుంది. ఎవరికీ తెలియదు, ఏదీ కాలిపోదు. ఇక్కడ కింద బోరు లేదు. రోడ్డు ఉంది. ఇంజిన్ వేడెక్కేకొద్దీ ఆయిల్ పల్చబడుతుంది, సఫేదా మెత్తబడుతుంది, బండి అదురుకు నార సడలుతుంది. మూడు వారాల్లో నగేష్ నోట విన్న మాటల్లో ఒకటి బాగా గుర్తుంది: ఆయిల్ లేని ఇంజిన్ పట్టేస్తది, పట్టేసిన ఇంజిన్ ఇంక తూకానికే పనికొస్తది. అది నడుస్తున్న రోడ్డు మీద జరిగితే, వెనుక ఇసుక లారీ ఉంటే, బండిలో ఉన్నది ఇండికేటర్ వేసే టీచరు.

ఆమె నంబరు అతని దగ్గర లేదు. నగేష్ దగ్గర ఉంది. నగేష్‌ను అడగాలంటే సంగతి చెప్పాలి. ముందు బండిని చూద్దాం అనుకున్నాడు. షెడ్డుకు తాళం వేసి మోపెడ్ ఎక్కాడు.

దారి పొడుగునా రోడ్డును చూస్తూ పోయాడు. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆయిల్ చుక్కలు కనిపిస్తే దిగి వేలితో అద్ది చూశాడు. రెండో దాని దగ్గరా ఉన్నాయి, మూడో దాని దగ్గరా ఉన్నాయి. అయిదోసారి దిగినప్పుడు వెనక ట్రాక్టరు మీద వస్తున్న మనిషి అడిగాడు.

"ఏందే, ఏమన్న పారేసుకున్నవా?"

"ఆయిల్."

"ఎంత?"

"తెల్వదు."

ట్రాక్టరు మనిషి తలూపి పోయాడు. ప్రతి స్పీడ్ బ్రేకర్ కూడా ప్రతి బండి నుంచీ ఇంత ఆయిల్ వసూలు చేసుకుంటుందని, అందులో టీచర్ బండిది ఏదో ఎవరూ చెప్పలేరని ప్రేమ్‌సింగ్‌కు అప్పుడు అర్థమైంది. ఇంక దిగలేదు. రోడ్డు వార ఆగిన తెల్ల కారు కోసం మాత్రం చూస్తూ పోయాడు. తొర్రూరు దాటింది. కారు ఎక్కడా ఆగి లేదు.

పెద్దవంగర బడి ఆవరణలో గోడ నీడన కారు ఉంది. మోకాళ్ల మీద వంగి చూశాడు. కింద అన్నం పళ్లెమంత మరక. నట్టు సగం బయటికి వచ్చి పక్కకు వాలింది. నార తడిసి, మేక గడ్డంలా వేలాడుతోంది, దాని కొసనుంచి చుక్క చుక్క. ఇంకో పది కిలోమీటర్లు నడిచి ఉంటే నట్టు రోడ్డు మీదే పడేది. ఆమె అదే బండిలో సాయంత్రం ఇంటికి పోయేది.

తొమ్మిదో తరగతి గుమ్మం ముందు నిలబడ్డాడు. పిల్లలే ముందు చూశారు. సరళ సుద్ద పట్టుకునే బయటికి వచ్చింది.

"ఏంది ప్రేమ్‌సింగ్, ఇంత దూరం వచ్చినవ్?"

"టీచర్, మీ బండి చాలు చెయ్యొద్దు, తాళం తిప్పొద్దు."

"ఎందుకు?"

"చాంబర్ నట్టు త్రెడ్డు నేనే ఖరాబు చేసిన. ఎక్కువ బిగించిన. నార చుట్టి పంపిన. గిప్పుడు ఆయిల్ కారుతున్నది."

ఆమె తలుపు దగ్గరికి వేసింది. లోపల పిల్లల గోల మొదలైంది.

"పొద్దుగాల నేను అడిగిన కదా, అంతా మంచిగుందా అని?"

"అడిగిన్రు."

"మంచిగుంది అన్నవ్."

"అన్న. అబద్ధం టీచర్."

"దారిల ఆగిపోతే ఏమయ్యేది?"

"తెల్వదు. తెల్వకనే భయమై వచ్చిన."

ఆమె లోపలికి పోయి మిగిలిన లెక్కలు చేయమని పిల్లలకు చెప్పి, ఫోన్ తీసుకుని వచ్చింది. నగేష్ నంబరు నొక్కి, మాట్లాడకుండా ప్రేమ్‌సింగ్ చేతికిచ్చింది.

"నువ్వే చెప్పు."

అతను చెప్పాడు.

"నార చుట్టినవా," అన్నాడు అవతల నగేష్.

"చుట్టిన."

"చాంబర్ నట్టుకు. నార."

"సఫేదా కూడ పెట్టిన."

"ముట్టుకోకు. అక్కడ్నే ఉండు. వస్తున్న."

మధ్యాహ్నం బడి పిల్లల భోజనాలయ్యాక ట్రాలీ ఆటోలో నగేష్ దిగాడు. జాకీ, ఇనుప స్టాండ్లు, పనిముట్ల పెట్టె, ఆయిల్ డబ్బా దింపించాడు. ప్రేమ్‌సింగ్ ముఖం చూడకుండా కారు ముందు భాగం లేపి స్టాండ్ల మీద పెట్టి కిందికి దూరాడు. నారను రెండు వేళ్లతో పట్టి లాగి, బయటికి వచ్చి, దాన్ని ప్రేమ్‌సింగ్ ముందు పట్టుకున్నాడు.

"ఇది ఇంజిన్ అన్నా. మూడొందల ఫీట్ల బోరు కాదు. పద్దెనిమిదేండ్ల సంది ఈ పని చేస్తున్న. చాంబర్‌కు జడ అల్లినోన్ని నిన్నే చూసిన."

పక్కనున్న సరళ నవ్వు దాచుకోవడానికి అటు తిరిగింది.

"బిగించుడు నా చేత ఎందుకు చేయించలేదో గిప్పుడు తెలిసింది," అన్నాడు ప్రేమ్‌సింగ్.

"తెలిసినా ఏం లాభం? త్రెడ్డు పోతే పోనీ, అది నాకూ పోయింది ఒకప్పుడు. చెప్పకుండ పంపినవ్ చూడు, గదే. టీచర్‌కు ఏమన్నయితే షెడ్డు మూసుకుని నేను కూడ నీ ఎంబడి హైద్రాబాద్ వచ్చేటోన్ని వాచ్‌మన్ పనికి." నగేష్ చేతులు తుడుచుకున్నాడు. "మీ బామ్మర్దికి ఫోన్ చెయ్ అన్నా. ఒకటో తారీఖు దాకా ఎందుకు?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ప్రేమ్‌సింగ్ వంగి కారు కిందికి చూశాడు.

"చేస్త. ముందు గిది చెయ్యనియ్. దీన్ని ఎట్ల బాగుచేస్తరు?"

"కొత్త చాంబర్ హన్మకొండ నుంచి తేవాలె. పాత మోడల్, సోమవారం దాకా దొరకదు. బండి తాడు కట్టి గుంజుకపోవాలె."

"లేకుంటె?"

"లేకుంటె ఉన్న బెజ్జానికే ఒక సైజు పెద్ద త్రెడ్డు కొయ్యాలె, పెద్ద నట్టు పెట్టాలె. ట్యాప్ ఉన్నది పెట్టెల." మరలు కోసే ఆ ఉక్కు పనిముట్టును నగేష్ కొన్నది నిరుడు. దాని జతలో చిన్నది అప్పుడే విరిగింది, ఒక బోల్టులో ఇరుక్కుని. ఆ బోల్టును తీయడానికి రెండు రోజులు పట్టింది. "నాకు దాంతోని పడదు. విరిగితే ముక్క అండ్లనే ఉంటది. అప్పుడు చాంబరూ పాయె, ట్యాపూ పాయె."

ప్రేమ్‌సింగ్ తల ఎత్తాడు.

"త్రెడ్డు కోసుడా? ఇనుప పైపుకు త్రెడ్డు నేనే కోసేటోన్ని కదా, చేతితోని. వెయ్యి కోసిన."

"పైపుకు బయట కోస్తరు. గిది లోపల."

"లోపలయినా బయటయినా అదే ఇనుము. సగం చుట్టు ముందుకు, పావు చుట్టు ఎనుకకు. నూనె మరిచిపోవద్దు."

నగేష్ సరళ వైపు చూశాడు. బండి ఆమెది.

"విరిగితే సోమవారం దాకా ఆగాలె, అంతే కదా?" అంది ఆమె. "కొయ్యకుండ కొత్తది తెప్పించినా అదే సోమవారం. చెయ్యనియ్యి నగేష్."

పాత నట్టును కాగితంలో చుట్టుకుని ప్రేమ్‌సింగ్ తొర్రూరు పోయి, ఒక సైజు పెద్ద నట్టు, రాగి వాషరు తెచ్చాడు. తిరిగి వచ్చేసరికి నగేష్ చాంబర్‌లో మిగిలిన ఆయిల్ దించి ఉంచాడు. ప్రేమ్‌సింగ్ కారు కింద అట్ట పరుచుకుని పడుకున్నాడు. చెయ్యి తల పైకి లేవకపోవడం ఇక్కడ అడ్డం కాలేదు. పని ఛాతీ మీదికే వచ్చింది.

ముందు వేలు పెట్టి బెజ్జం లోపల తడిమాడు. బయటి అంచు నున్నగా ఉంది. లోపలి కొసన రెండు మరలు బతికే ఉన్నాయి. ట్యాప్ పళ్ల మధ్య గాడుల నిండా గ్రీజు కూరాడు.

"అంతెందుకు?" అన్నాడు నగేష్.

"కోసిన ఇనుప రజను గ్రీజుకు అంటుకుని బయటికి వస్తది. లేకుంటె చాంబర్‌ల పడతది. నువ్వు అటుపక్క కూసో. వంగితే చెప్పు."

బోరు మీద పైపు నిలబెట్టేటప్పుడు చెరో పక్కన ఒక మనిషి నిలబడి చెప్పడం వాళ్ల పద్ధతి. ఒక కంటికి నిటారుగా కనిపించింది ఇంకో కంటికి వాలి కనిపిస్తుంది. నగేష్ కారుకు అటుపక్క గొంతుక్కూర్చున్నాడు.

"జర నా దిక్కు వంగింది."

"ఇప్పుడు?"

"సరిపోయింది. ఆగు... ఆఁ, గంతే."

సగం చుట్టు. పావు చుట్టు వెనక్కి. సగం చుట్టు. ఇనుము మెల్లగా గొణుగుతోంది. ప్రేమ్‌సింగ్ కళ్లు మూసుకున్నాడు. బోరు పని అంటే బలమని అందరూ అనుకుంటారు. బలం చివర్లోనే. మొదట్లో అంతా వేళ్ల పనే, మర అడ్డంగా ఎక్కుతోందో సరిగా ఎక్కుతోందో మొదటి చుట్టులోనే వేళ్లకు తెలియాలి. ఆ సంగతి అతను ఇరవై ఆరేళ్లలో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన పని పడలేదు.

నాలుగో చుట్టు దగ్గర ట్యాప్ ఆగింది.

"బలం పెట్టు," అన్నాడు నగేష్ అలవాటుగా.

"పెట్టను. బలం పెట్టే పొద్దుగాల ఖరాబు చేసిన."

పూర్తిగా వెనక్కి తిప్పి బయటికి తీశాడు. గాడుల్లో గ్రీజు నిండా మెరిసే రజను. బట్టతో తుడిచి, కొత్త గ్రీజు కూరి, మళ్లీ మొదటినుంచి ఎక్కించాడు. ఈసారి ఆగిన చోటు దాటింది. మూడుసార్లు అలా తీసి, తుడిచి, ఎక్కించాడు. బడి చివరి గంట కొట్టారు. పిల్లలు కారు చుట్టూ మూగితే సరళ కసిరింది. ఒక పిల్ల మాత్రం దూరం నుంచి అడిగింది, "టీచర్, బండి సచ్చిపోయిందా?"

"లేదు. ఊడిన పన్ను కట్టిస్తున్నరు," అంది సరళ.

చివరిసారి ట్యాప్ వదులుగా, శుభ్రంగా తిరిగి బయటికి వచ్చింది. ప్రేమ్‌సింగ్ వేలు పెట్టి చూసి, పక్కకు జరిగి నగేష్‌ను చూడమన్నాడు. నగేష్ టార్చి వేసి చూశాడు. కొత్త మరలు తెల్లగా మెరుస్తున్నాయి. అయిస్కాంతాన్ని తీగకు కట్టి బెజ్జంలోంచి లోపల తిప్పాడు, మిగిలిన రజను దానికి అంటుకుని వచ్చింది. ఆ పైన నట్టు పెట్టకుండానే పైనుంచి ఒక సీసా ఆయిల్ పోసి కింద గుడ్డలోకి దించారు. మొదటి గుడ్డ మీద రెండు మెరుపులు కనిపించాయి. రెండో గుడ్డ మీద ఏమీ లేదు.

ఇంక బిగించాలి. ప్రేమ్‌సింగ్ కొత్త నట్టుకు రాగి వాషరు వేసి వేళ్లతో చివరిదాకా ఎక్కించాడు. తర్వాత పానా నగేష్‌కు చాపాడు.

నగేష్ తీసుకోలేదు. పెట్టెలోంచి అందులో సగం పొడుగున్న పానా తీసి ఇచ్చాడు.

"దీనితోని నువ్వే. పిడి కొసన పట్టుకోకు, నడుమ పట్టుకో. భుజం కదలొద్దు, మణికట్టే. కిర్రు కోసం చూడకు."

"మరి ఎట్ల తెలుస్తది?"

"కిర్రుకు ముందే ఆగాలె."

వినడానికి చిన్నమాట. ఇరవై ఆరేళ్ల అలవాటుకు అడ్డం తిరిగిన మాట. ప్రేమ్‌సింగ్ పానా పెట్టాడు. నట్టు ఆనింది. రాగి వాషరు కొద్దిగా నలిగినట్టు వేళ్లకు తెలిసింది. ఇంకొంచెం. చెయ్యి ఇంకా పోదామంది. అతను పానా వదిలేసి రెండు అరచేతులూ ఛాతీ మీద పెట్టుకున్నాడు.

నగేష్ కిందికి దూరి పానా పెట్టి చూశాడు. తిప్పలేదు. ఊరికే ఆనించి, తీసేశాడు. ఆయిల్ పోయడానికి లేచాడు.

ఇంజిన్ పావుగంట నడిపి చూశారు. నట్టు కింద పొడిగానే ఉంది. నగేష్ టీచర్‌కు చెప్పాడు: మోపెడ్ మీద ప్రేమ్‌సింగ్ వెనకే వస్తాడు, రాత్రి బండి కింద న్యూస్‌పేపర్ పరచండి, పొద్దున చూడండి. సరళ తొమ్మిదో తరగతి గది పక్కనున్న కుళాయి చూపించి చేతులు కడుక్కోమంది. నగేష్ కడుక్కున్నాడు. ప్రేమ్‌సింగ్ గుడ్డతో తుడుచుకుని వచ్చాడు.

"సబ్బు ఉన్నది కదా," అంది ఆమె.

"పని ఇంక కాలే టీచర్."

తెల్ల కారు వెనకాల ఇరవై అడుగుల దూరంలో అతను దంతాలపల్లి దాకా వచ్చాడు. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా కారు అడుగు భాగం చూస్తూ.

ఇంట్లో తారి ఆ చేతులు చూసి లంబాడీలో దులిపింది. బోరు పని మానేసి రెండేళ్లయింది, ఈ పిచ్చి ఎప్పుడు మానుతావంది. అతను జరిగింది చెప్పాడు, అబద్ధం ఆడిన సంగతితో సహా. ఆమె చెంచా తెచ్చి అన్నం గిన్నెలో గుచ్చి ముందు పెట్టింది. చాంద్యాకు ఏం చెప్పాలని అడిగింది. రేపు చెబుదామన్నాడు. చెంచాతో తినడం చేతకాక సగం అన్నం ఒళ్లో పోసుకుంటే ఆమె కోపం నవ్వులోకి తిరిగింది. జొన్నరొట్టె చుట్టి నోటికి అందించింది.

మర్నాడు శనివారం, ఏడున్నరకే అతను షెడ్డు ముందున్నాడు. నగేష్ వచ్చి తాళం తీశాడు. ఎనిమిదింటికి తెల్ల కారు ఇండికేటర్ వేసి షెడ్డు వైపు తిరిగింది. సరళ దిగి, వెనక సీటు మీద మడిచిపెట్టిన న్యూస్‌పేపర్ తీసి బల్ల మీద పరిచింది. రెండు పేజీలు. ముగ్గురూ వంగి చూశారు. ఒక మూల చీమ పాకుతోంది. మరక లేదు.

నగేష్ నమ్మకుండా కింద పడుకుని నట్టు చుట్టూ తెల్లటి గుడ్డతో తుడిచాడు. గుడ్డ తెల్లగానే వచ్చింది. ఆయిల్ గేజి తీసి చూశాడు. నిన్న గీత దగ్గర ఎంతుందో అంతే ఉంది.

"మళ్ల ఆయిల్ ఎప్పుడు మార్చాలె?" అంది సరళ కారెక్కుతూ.

"ఆరు నెలలు," అన్నాడు నగేష్.

"ఈ నట్టు ఎంత బిగువుందో చేసినాయనకే ఎరుక. అప్పుడు ఈయనే విప్పాలె, ఈయనే బిగించాలె. ఉంటడా మరి?"

ప్రేమ్‌సింగ్ న్యూస్‌పేపరును మడుస్తూ ఉండిపోయాడు. పొద్దున లేచినప్పటినుంచీ తాను అడగలేకపోయిన మాట ఆమె కారు కిటికీలోంచి అడిగేసింది.

నగేష్ గేజిని గుడ్డతో తుడిచి దాని చోట పెట్టి, బానెట్ మూశాడు.

"ఉంటడు తియ్ టీచర్," అన్నాడు. "నార సంచీ మాత్రం ఇంట్ల పెట్టి వస్తడు."

కారు వెళ్లిపోయాక ప్రేమ్‌సింగ్ షెడ్డు వెనకున్న కుళాయి తిప్పాడు. నిన్నటి గ్రీజు ఎండి గట్టిపడింది, ఊరికే వదలలేదు. ఇటుక పొడి, సబ్బు కలిపి మోచేతుల దాకా రుద్దుకున్నాడు. నల్లటి నీళ్లు కాలువలోకి పోయాయి. ముందు వైపు నుంచి నగేష్ కేకేశాడు.

"అన్నా, జీపు వచ్చింది. ఎనుక చక్రం నట్లు వస్తలేవట. రా జర. విప్పుడు సంది బిగించుడు దాక నువ్వే చూడు."

"వస్తున్న," అన్నాడు ప్రేమ్‌సింగ్. తడి చేతులు లుంగీకి తుడుచుకుని, పెట్టెలోంచి పొడుగు పానా ఒకటి, పొట్టి పానా ఒకటి తీసుకున్నాడు. మొదటిది విప్పడానికి.